తహసీల్దారు గారి రాక్ పాటలు

ముసలి రాక్ బృందాలకు అభిమానులకు మించిన శత్రువులు లేరు. వాళ్లు మొదటి ఆల్బమ్‌ను గుండెకు హత్తుకుని, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆల్బమ్‌నూ ఆ గుండె మీదే తన్నుతారు. లండన్‌లో 1962లో మొదలైన రోలింగ్ స్టోన్స్ సొంత పాటలతో పద్దెనిమిదేళ్లు కొత్త ఆల్బమ్ చేయలేదు. చివరికి 2023 అక్టోబరులో ‘హ్యాక్నీ డైమండ్స్’ తెచ్చింది. గాయకుడు మిక్ జాగర్‌కి అప్పటికి ఎనభై నిండాయి. ఆ వయసులో మన దగ్గర పెద్దమనిషిని మెట్లెక్కమంటేనే ఇంటిల్లిపాదీ వెనకాల చేతులు చాచి నిలబడతారు. ఆయన ఏకంగా గిటార్ల మధ్య గంతులేస్తే, అభిమాని పెదవి విరిచి ‘బాగానే ఉంది గానీ, పాత స్టోన్స్ కాదు’ అన్నాడు. 2025లో దానికి ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. పెదవి మాత్రం విరిచిన చోటే ఉంది. సరిగ్గా ఇదే అన్యాయం మన గోదావరి ఒడ్డున కూడా జరిగింది. 2006 మార్చి 30న విడుదలైన ‘శ్రీరామదాసు’ సినిమా పాటల గురించి ఎక్కడ మాట వచ్చినా, ఎవరో ఒకరు కళ్లు అరమోడ్చి ‘బాగుంటాయి గానీ, అన్నమయ్య అన్నమయ్యే’ అంటారు. అన్నమయ్య అన్నమయ్యేనని ఎవరు కాదన్నారు? మరి రామదాసు రామదాసు కాకుండా పోతాడా? నా వాదన సూటిగా చెబుతాను. ఇంట్లో పూజ దగ్గర పెట్టుకోవడానికి ‘అన్నమయ్య’ గొప్పదైతే కావచ్చు. రాక్ సంగీతం ఎందుకు వింటారో అందుకు వినాలంటే మాత్రం ‘శ్రీరామదాసు’దే పైచేయి.

‘అసలు ఇది రాక్ బృందం ఎలా అవుతుంది, భక్తి సినిమా కదా’ అని మొదటి అభ్యంతరం. బృందమంటే ఏమిటి? ఒకరి గుణాలు ఒకరికి తెలిసిన నలుగురైదుగురు మనుషులు ఏళ్ల తర్వాత మళ్లీ ఒకచోట చేరి, పాత మేజిక్ మళ్లీ జరుగుతుందా అని భయపడుతూ పని చేయడమే కదా. 1997 మే 22న ‘అన్నమయ్య’ తెచ్చిన దర్శకుడు కె.రాఘవేంద్రరావు, సంగీత దర్శకుడు ఎం.ఎం.కీరవాణి, రచయిత జె.కె.భారవి, నటుడు నాగార్జున, గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం: తొమ్మిదేళ్ల తర్వాత ఐదుగురూ మళ్లీ హాజరు. దేవుడు కూడా మారలేదు. ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరుడిగా ఉన్న సుమన్‌ని భద్రాచలానికి రాముడిగా బదిలీ చేశారు, అంతే. విడుదల నాటికి బాలుకి అరవై దగ్గర పడుతున్నాయి, రాఘవేంద్రరావుకి అరవై మూడు, నాగార్జునకి నలభై ఆరు, కీరవాణికి నలభై నాలుగు. పైగా మొదటి ఆల్బమ్‌కి కీరవాణి జాతీయ అవార్డు తెచ్చుకుని కూర్చున్నాడు. ఇక రెండో ఆల్బమ్ పరిస్థితి పెద్ద కోడలి పులుసుకు పేరు పడ్డ ఇంట్లో కాలు పెట్టిన చిన్న కోడలి పరిస్థితే. ఉప్పు సరిగ్గా పడినా, ‘పెద్దమ్మాయి అయితే ఇంకో రెబ్బ కరివేపాకు వేసేది’ అంటారు.

ఇప్పుడు ఈ బృందంలో ఆరో మనిషి దగ్గరికి వద్దాం. సినిమా తీయడానికి మూడు వందల ఏళ్ల ముందే పాటలు రాసిపెట్టిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు. ఊరు నేలకొండపల్లి, జిల్లా ఖమ్మం. గోల్కొండ తానీషా అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువులో అక్కన్న, మాదన్నలు ఈయనకు మేనమామలు. వాళ్ల పలుకుబడితోనే పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడంటారు. సర్కారుకు కట్టాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు, ఆ లెక్క తేలక గోల్కొండ చెరసాలకు వెళ్లాడు. కథ ప్రకారం బాకీ ఆరు లక్షలు, శిక్ష పన్నెండేళ్లు. తానీషా గద్దె మీద కూర్చున్నదే 1672 నుంచి 1687 దాకా పదిహేనేళ్లు. అంటే ఆ ప్రభుత్వం తన ఆయుష్షులో ఎక్కువ భాగం ఈ ఒక్క ఉద్యోగి ఫైలు మీదే గడిపిందన్నమాట. అమెరికాలో జానీ క్యాష్ 1968లో ఫోల్సమ్ జైలుకి వెళ్లి ఖైదీల ముందు పాడి, రికార్డు చేయించుకుని, బయటికి వచ్చేశాడు. దాన్నే ప్రపంచం తిరుగుబాటు సంగీతం అంటుంది. జైల్లోనే కూర్చుని, దెబ్బలు తింటూ, తనను అక్కడికి పంపించిన వాడిని వదిలేసి తన తరఫున రావాల్సిన వాడిని నిలదీస్తూ పాడిన మనిషిని ఏమనాలి? మిగతా రాక్ గాయకులంతా వ్యవస్థ మీద తిరగబడ్డవాళ్లు. గోపన్న తానే వ్యవస్థ. ఆఫీసు ఆయనదే, తాళాలు ఆయనవే, ఖజానా ఆయన చేతిలోదే. తిరుగుబాటు కూడా రూలు ప్రకారం చేసి, రాతకోతలన్నీ పక్కాగా పెట్టుకున్న ఏకైక రాక్ కవి ఆయన.

రాతకోతలని ఊరికే అనలేదు. ‘ఇక్ష్వాకు కుల తిలక’ కీర్తనని భక్తులు కన్నీళ్లతో వింటారు. రెవెన్యూ శాఖలో పనిచేసిన ఎవరైనా దాన్ని వింటే మాత్రం వెంటనే తెలిసిపోతుంది, అది ఖర్చుల పట్టిక. భరతుడికి ఏం చేయించాడో, శత్రుఘ్నుడికి ఏం చేయించాడో, లక్ష్మణుడికి ఏ పతకం, సీతమ్మకు ఏ పతకం, ఒక్కొక్కదానికి ఎంతెంత పట్టిందో వరహాల్లో, మొహరీల్లో వరసగా వస్తుంది. ప్రపంచ భక్తి సాహిత్యంలో దేవుడికి ఇలా ఐటమ్ వారీగా బిల్లు పెట్టినవాళ్లు అరుదు. బిల్లయ్యాక, ఇదంతా మీ నాన్న పెట్టిన సొమ్మా, మీ మామ పంపిన సొమ్మా అని నిలదీస్తాడు. ఆ మాట అనేశాక దెబ్బల బాధకు నోరు జారానని క్షమాపణ కూడా చెబుతాడు. ఆడిట్ అభ్యంతరం, సంజాయిషీ, క్షమాపణ, మూడూ ఒకే కీర్తనలో. ‘అంతా రామమయం’ తీసుకోండి. వినేవాళ్లకది వేదాంతం. పట్టించుకుని చూస్తే జాబితా. సూర్యుడు, చంద్రుడు, చుక్కలు, సముద్రాలు, నదులు, అడవులు, మృగాలు, ఏదీ వదలకుండా బ్రహ్మాండం మొత్తానికి జమాబందీ చేసి, పట్టాదారు కాలమ్‌లో ఒకే పేరు రాసేశాడు. చివరికి కథ తేలింది కూడా కాగితం మీదే. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు రాత్రిపూట వచ్చి బాకీ కట్టి రసీదు తీసుకెళ్లారట. భక్త కవుల కథల్లో దేవుడు కొందరికి మోక్షమిచ్చాడు, కొందరికి సాక్షాత్కారమిచ్చాడు. తహసీల్దారుకి మాత్రం ఏది కావాలో తెలిసినవాడు కనుక రసీదిచ్చాడు.

కీరవాణికి ఈ సంగతి అర్థమైందనేదే నా వాదనకు అసలు ఆధారం. ‘అన్నమయ్య’ పని కష్టమే, కానీ అక్కడ ఆయన చేతులు కట్టేసి లేవు. అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడంటారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, స్వరం మాత్రం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ నుంచి బాలకృష్ణప్రసాద్ దాకా పెద్దలు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఆ వరసలో సినిమా వాళ్లు ఇంకో బాణీ కడితే, అసలు బాణీ ఇది కాదని నిలదీయడానికి అన్నమయ్య కాలం నాటి స్వరం ఎవరి దగ్గరా లేదు. రామదాసు వ్యవహారం వేరు. ఈయన పాటలు నూటికి అటూ ఇటూగా దొరుకుతున్నాయి, కానీ ప్రతి పాటా ఏ భజన మందిరంలోనో, ఏ అమ్మమ్మ గొంతులోనో అప్పటికే కాపురం పెట్టి ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ‘పలుకే బంగారమాయెనా’ని ఆనందభైరవిలో పాడాక ఆ పాటకు ఇంకో వేషం ఊహించడమే అపచారమైపోయింది. 1980లో ‘శంకరాభరణం’ వచ్చి ఆ కీర్తననీ, ‘ఏ తీరుగ నను’నీ ఊరూరి మైకుల్లోకి ఎక్కించింది. ఇన్ని తాళాలు వేసిన ఇంట్లోకి కీరవాణి 2006లో వెళ్లాలి. ఖాళీ స్థలంలో మేడ కట్టినవాడికన్నా, అందరికీ వాటా ఉన్న ఉమ్మడి ఇంటికి ఎవరితోనూ గొడవ పడకుండా రంగులు వేయించినవాడే గట్టివాడని నా అభిప్రాయం. ఉమ్మడి ఆస్తి పంచుకున్న కుటుంబాలన్నీ నాతో ఏకీభవిస్తాయి.

ఆయన ఏం చేశాడో చూడండి. పాత కీర్తనల్లో ఉన్న భజన లయను పట్టుకుని దాన్ని పెంచాడు. ఒకరు అందుకుంటే పదిమంది పలికే పద్ధతి రామదాసు కీర్తనలకు పుట్టుకతో వచ్చింది. ‘అంతా రామమయం’లో బాలు గొంతు ముందు నడుస్తుంది, వెనక జనం కదులుతారు. స్టేడియంలో జనంతో పాడించడానికి రాక్ బృందాలు నానా తంటాలు పడతాయి, పాట ఆపి మైకు జనం వైపు తిప్పుతాయి. మన భజన మండలికి ఆ ఏర్పాటు మూడు వందల ఏళ్లుగా ఉంది, మైకు లేకపోయినా. ‘ఇక్ష్వాకు’లో బాలు ఇంకో పని చేశాడు. ఆ పాటని భక్తుడి ఏడుపుగా మాత్రమే పాడలేదు. అడగడం, అలగడం, బెదిరించబోయి బెదిరిపోవడం, అన్నీ ఒకే గొంతులో వినిపిస్తాయి. అరవైకి చేరువైన గాయకుడికే అది సాధ్యం. ‘అన్నమయ్య’ నాటి బాలు గొంతు నునుపుగా ఉంటుంది, నిజమే. ఇక్కడి గొంతులో లెక్కలు అప్పజెప్పి అలసిపోయిన మనిషి ఉన్నాడు. రాక్ వినేవాళ్లు ముసలి గాయకుల దగ్గర వెతికేది ఆ అలసటనే. కొండ పుట్టుక కథంతా చెప్పే ‘అదిగో అదిగో భద్రగిరి’ సంగతి సరేసరి. భద్రుడు కొండ కావడం, రాముడు శంఖచక్రాలతో నాలుగు చేతుల వాడై వచ్చి సీతమ్మను ఎడమ తొడ మీద కూర్చోబెట్టుకోవడం, అంతా ఒక్క పాటలో. దేవస్థానం వారు స్థలపురాణం పుస్తకాలు ఎన్ని అచ్చేసినా, జనానికి ఆ కథ తెలిసింది ఈ పాటతోనే అంటే ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

కచేరీ రసికుల అభ్యంతరం ఇంకొకటి. బాలమురళి పాడిన తర్వాత డప్పులు, కోరస్‌లు ఎందుకంటారు. బాలమురళి మీద నాకున్న గౌరవం ఆ రసికుల గౌరవానికి ఒక్క గమకం కూడా తక్కువ కాదు. అయితే ఒక్కటి అడుగుతాను. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో బాలమురళి పాడకముందు ఈ పాటలు ఎక్కడున్నాయి? శ్రుతి తప్పినా ఫర్వాలేదనుకునే భజనపరుల దగ్గర, తాళాలు మోగే చావిళ్లలో ఉన్నాయి. అక్కడి నుంచి రేడియోకి, కచేరీకి తెచ్చి ఆయన వాటికి పట్టుబట్టలు కట్టారు. కీరవాణి మళ్లీ తీసుకెళ్లి జనంలో వదిలాడు. పట్టుబట్టలు ఇస్త్రీ చేసి బీరువాలోనే ఉన్నాయి, ఎవరూ ఎత్తుకుపోలేదు. భద్రాచలంలో రామదాసు జయంతికి విద్వాంసులు కూర్చుని నవరత్న కీర్తనలు గోష్ఠిగా పాడుతూనే ఉన్నారు. అభిమానం సంగతికొస్తే, రామదాసుకు అందరికన్నా పెద్ద అభిమాని త్యాగరాజు. ‘ప్రహ్లాద భక్తి విజయం’లో ఆయన్ని స్మరించుకున్నాడు. తన కీర్తనల్లోనూ రామదాసు చెర విడిపించిన కథను ఎత్తి రాముడికి గుర్తుచేశాడు. త్యాగరాజంతటివాడు తన కన్నా ముందు పుట్టిన బృందానికి ఫ్యాన్‌గా ఉంటే తప్పు లేదు గానీ, మనం 2006 నాటి ఆల్బమ్‌కి ఫ్యాన్లయితే తప్పొచ్చిందా?

చరిత్రకారులు ఈపాటికి చెయ్యెత్తే ఉంటారు, కబీరు సంగతేమిటని. సినిమాలో గోపన్నకు కబీర్‌దాసు గురువుగా వచ్చి తారకమంత్రం ఇస్తాడు. కబీరు పదిహేనో శతాబ్దం మనిషి, గోపన్న పదిహేడో శతాబ్దం మనిషి. మధ్యలో వందేళ్లకు పైగా ఖాళీ. ఇది సినిమా వాళ్ల తప్పని తోసేయడానికి లేదు, హరికథలు ఎప్పటినుంచో ఈ ఇద్దరినీ కలుపుతూనే వచ్చాయి. ఆ కబీరుగా వేసింది ఎనభై దాటిన అక్కినేని నాగేశ్వరరావు, శిష్యుడిగా ఎదురుగా కూర్చుంది కన్నకొడుకు. తండ్రి కొడుక్కి పాఠం చెబుతుంటే శతాబ్దాల లెక్క అడ్డం పెట్టేవాళ్లని ఏమనగలం? రాక్ అభిమానికి ఇలాంటివి కొత్త కూడా కాదు. వాడు గిటారు ఎవరు వాయించారో ఆరా తీస్తాడు తప్ప పాటలో చెప్పిన తేదీలు సరిచూడడు.

ఈ పాటలు అసలు ఏ గాలిలో వినాలో అది చెప్పకపోతే వాదన సగమే. శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియంలో అభిజిత్ లగ్నానికి కల్యాణం. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. ఆ ఆనవాయితీ తానీషా కాలం నుంచి వస్తోందంటారు. అంటే సర్కారు సొమ్ము ఈ గుడికి ఖర్చు పెట్టినందుకే గోపన్న జైలుకెళ్లాడు, ఇప్పుడు అదే సర్కారు ఏటేటా పళ్లెంలో పెట్టి తలమీద మోసుకొస్తుంది. అప్పుడు నేరం, ఇప్పుడు ప్రోటోకాల్. ఊరు దాటితే ఇంకో చిత్రం. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. రాముడు ఈ రాష్ట్రంలో, పురుషోత్తపట్నం దగ్గర రాముడి భూములు ఆ రాష్ట్రంలో. గోపన్న బతికుంటే ఇంకో కీర్తన కాదు, ఏకంగా రిట్ పిటిషన్ రాసేవాడు. ‘అదిగో అదిగో’ పాట భద్రగిరిని ఆంధ్రుల అయోధ్య అంది. ఆ మాట ఏ సరిహద్దు ప్రకారం రాశారని ఇప్పుడు రెండు రాష్ట్రాల అధికారులూ వివరణ అడగొచ్చు. పాటకు మాత్రం చెక్‌పోస్టు లేదు. ఎటపాక, చింతూరు మీదుగా శబరి ఒడ్డున కుంట దాకా, తెలుగు, కోయ, హిందీ కలిసి నడిచే ఆ దారిలో నవమి పందిళ్ల మైకు మోగిందంటే అడవంతా వినాల్సిందే. కొమ్ములు తలకు కట్టుకుని పెద్ద డోళ్లతో ఆడే కోయల నేలమీద ‘ఇంత మోత ఎందుకు’ అనే ప్రశ్నకే అర్థం లేదు. పైగా ఈ కథకు మూలమే అడవి. పుట్టలో ఉన్న రాముణ్ణి మొదట చూసి, తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని భద్రాచలం చెప్పుకుంటుంది. తహసీల్దారు వచ్చింది ఆ తర్వాతే. అధికారులు ఎప్పుడూ అంతే.

అభిమానినన్న మాటే గానీ గుడ్డివాణ్ణి కాను. ఆల్బమ్‌లో దాటేయాల్సిన పాటలున్నాయి. భార్య కమలగా వేసిన స్నేహతో గోపన్నకు ‘చాలు చాలు చాలు’ వంటి యుగళగీతం ఉంది. రాఘవేంద్రరావు కథానాయికల మీద పూలూ పళ్లూ కురిపించడంలో దేశంలోనే పేరెన్నికగన్నవారు. గుడి కట్టే సినిమాలో కూడా ఆ తోటలోకి ఒక్క చుట్టు తిరిగి రానిదే ఆయనకు కాలు నిలవదు. ‘అన్నమయ్య’లో మాత్రం ఇద్దరు మరదళ్లతో తక్కువ ఆడారా? రాక్ ఆల్బమ్‌లన్నిటిలోనూ రికార్డు కంపెనీ కోసం ఒకటి రెండు పాటలు ఉంటాయి. వాటి గురించి అభిమానులు మాట్లాడరు, శత్రువులు ఇంకేమీ మాట్లాడరు. ఆ ఒక్క విషయంలో రెండు ఆల్బమ్‌లకూ సమాన మార్కులు వేసి పక్కన పెడదాం. అవార్డు లెక్కలో అన్నమయ్యదే పైచేయి, అదీ ఒప్పుకుంటాను. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు కీరవాణి ఘనతల జాబితాలన్నిటిలో ‘అన్నమయ్య’ ముందు వరసలో కూర్చుంది. ‘శ్రీరామదాసు’ ‘తదితరాలు’ అనే మూడో తరగతి పెట్టెలో నిలబడి ప్రయాణం చేసింది.

అయితే ఈ బృందం అక్కడితో ఆగలేదు. బాలకృష్ణతో 2008లో ‘పాండురంగడు’, మళ్లీ నాగార్జునతో 2012లో ‘షిరిడి సాయి’, 2017లో ‘ఓం నమో వేంకటేశాయ’ చేశారు. సంగీతం అన్నిటికీ కీరవాణే. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా అదే అభిమాని, అదే అరమోడ్పు కళ్లతో, ‘బాగానే ఉంది గానీ, అన్నమయ్య, శ్రీరామదాసు రోజులు వేరు’ అనడం మొదలుపెట్టాడు. 2006లో పెదవి విరిచిన వాడే ఆ పాటల్ని నిశ్శబ్దంగా పాత బంగారంలో కలిపేసుకున్నాడు, రసీదు మాత్రం ఇవ్వలేదు. ఇక ‘ఓం నమో వేంకటేశాయ’ తరఫున వాదించడానికి ఎవరో ఒకరు ముందుకు రావాలి. ఆ వకాల్తా నాకు వద్దు. ఇంత చెప్పాక కూడా ఆ పాటలు పెడితే, నేను సైతం కళ్లు అరమోడ్చి, ‘బాగానే ఉన్నాయి గానీ’ అంటాను.